డబ్ల్యూ క్యూ గారికి స్వాగతం

మా అక్క పెళ్లి వీడియోను మా ఇంట్లో మొదటి నుంచి చూడటానికి వీల్లేదు. నేను చూడనివ్వను. మొదట్లోనే ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కనున్న ఫంక్షన్ హాలు గేటు కనిపిస్తుంది. గేటు మీద ఎర్రక్షరాలు పరుగెత్తే బోర్డు కనిపిస్తుంది. ఆ బోర్డు మీద నేను చేసిన ఘనకార్యం కనిపిస్తుంది. కంప్యూటర్ ఇంజనీరింగ్ చదివిన పిల్ల ఒక్క ఫైల్లో ఒక్క పేరు చేర్చబోయి, సొంత అక్క పెళ్లిని ఆగిపోయేదాకా ఎలా తెచ్చిందో ఇప్పుడు చెబుతాను. నవ్వుకోండి. మా చుట్టాలు నవ్వీ నవ్వీ అలిసిపోయారు కాబట్టి ఇక మీ వంతు.

ముందు మా యాదయ్య మామ గురించి చెప్పాలి. మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. చెరువులో చేపలు పట్టడం ఆయన పని. చెరువు నిండిన ఏడాది మా ఇంట్లో కూరగాయల ఊసే ఉండదు, మామ తెచ్చే కొర్రమట్టలే పొద్దున, కొర్రమట్టలే సాయంత్రం. మా పెళ్లిళ్లలో పెళ్లికూతురు మండపానికి తన కాళ్లతో నడిచి రాదు. వెదురు గంపలో కూర్చోబెట్టి మేనమామ ఎత్తుకొస్తాడు. తోడు ఎంతమంది చెయ్యి వేసినా ముందు చెయ్యి మాత్రం మేనమామదే. అక్క పుట్టిన రోజే "దీని గంప నేనెత్తుత" అన్నాడట మామ. పెళ్లి కుదిరిన మర్నాడే వెళ్లి గంప అల్లించి, పసుపు పూయించి, ఎవరూ ముట్టకుండా వాళ్లింటి అటక మీద దాచాడు.

రెండో సంగతి మా వైపు అలకలు. మా పెళ్లిళ్లలో కూరలో ఉప్పు లేకపోతే సర్దుకుంటారు. ఎండలో కూర్చోబెట్టినా సర్దుకుంటారు. బోర్డు మీద పేరు లేకపోతే మాత్రం సర్దుకోరు. అందుకే స్వాగతం బోర్డులో పెళ్లికొడుకు, పెళ్లికూతురు పేర్ల తర్వాత రెండు వైపుల పెద్దల పేర్లు రైలు పెట్టెల్లా వస్తూనే ఉంటాయి. మా వైపు పేర్లు ఇచ్చే బాధ్యత నేనే మీదేసుకున్నాను. పెదనాన్నలు, చిన్నాన్నలు, మేనత్తలు, వాళ్ల అల్లుళ్లు, చివరికి మేము బాపు అని పిలిచే నాన్న దోస్తులతో సహా అందరి పేర్లూ ఫోన్లో కొట్టి పంపాను. ఒక్కరిని మరిచిపోయాను. ఎవరినో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

పెళ్లి రోజు పొద్దున బాపు నా దగ్గరికి వచ్చాడు. తలకు చుట్టుకున్న కొత్త రుమాలు చేతిలోకి వచ్చింది. అంటే సంగతి పెద్దదే.

"రజితా, మీ మామ గేటు ముంగట బండి మీద కూసున్నడు. లోపలికి రానంటున్నడు."

"ఎందుకు బాపు?"

"బోర్డు మీద ఆయన పేరు లేదంట. మీర్‌పేట్ వాళ్ల దిక్కు పెళ్లికొడుకు బావమరిది తోడల్లుడి పేరు గూడ ఉన్నదంట. 'పేరున్నోళ్లతోనే గంప ఎత్తిపియ్యుండ్రి' అంటుండు. ఇంతకు పేర్లు ఎవరిచ్చిన్రు?"

నేను నా మెహందీ వైపు చూసుకున్నాను. బాపు నా వైపు చూశాడు. తిట్టలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది.

పక్కగదిలో అక్క బాసింగం కట్టుకుని అంతా వింటోంది. తలుపు దగ్గరికి వచ్చి, "పోనియ్యే, నేను నడుచుకుంట వస్త తియ్యి" అంది. అంటున్నప్పుడే కాటుక కరిగింది. దాంతో నాకు పట్టుదల వచ్చింది. అక్క గంపలోనే రావాలి, ఆ గంప మామే ఎత్తాలి, నేను చేసిన తప్పు నేనే దిద్దాలి. ఎవరి సాయమూ అడగకూడదు. ఈ చివరి మాట ఒక్కటి అనుకోకుండా ఉండాల్సింది.

బోర్డు పెట్టిన శ్రీకాంత్ అన్నకు ఫోన్ చేశాను.

"అన్న, నేను పెళ్లికూతురు చెల్లెను. బోర్డుల ఒక పేరు కలపాలె."

"నేను తుక్కుగూడల ఉన్న చెల్లె, ఈడ ఇంకో హాల్ల బోర్డు ఫిట్ చేస్తున్న. అయిపోంగనె వస్త."

"గప్పటిదాంక ఆగితే ముహూర్తం పోతది అన్న."

"నీకు కంప్యూటర్ వస్తదా?"

ఈ ప్రశ్న నన్ను అడిగారు. నన్ను. "కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్ చేసిన అన్న" అన్నాను, గొంతు కాస్త సవరించుకుని.

"మంచిగైంది. మేనేజర్ రూంల చిన్న కంప్యూటర్ ఉన్నది. మౌస్ లేదు, మెనూలు లేవు, ఒట్టి నల్ల తెర. వీఐ కొట్టి, జాగ ఇడిచి, స్వాగతం అని ఫైలు పేరు కొట్టు. ఫైలు తెరుచుకుంటది. పేరు రాసి సేవ్ చేస్తె బోర్డు దానంతట అదే మారుతది. వీఐ వస్తది గద?"

"మస్తుగొస్తది."

ఇక్కడ మీకు ఒక నిజం చెప్పాలి. వీఐ అంటే నల్ల తెర మీద ఫైళ్లు దిద్దే పాతకాలపు పనిముట్టు. మా కాలేజీ ల్యాబులో దాని మీద ఒక పరీక్షే ఉంది. ఆ ల్యాబు రికార్డు మొత్తం ఒక సీనియర్ అక్క రికార్డులోంచి దించాను. దించుతున్నప్పుడు చివర్లో కోలన్, డబ్ల్యూ, క్యూ అని ఏదో రాసిన గుర్తు మాత్రం మిగిలింది. అది ఎప్పుడు కొట్టాలో, ఎందుకు కొట్టాలో అప్పుడూ తెలియదు. మార్కులు మాత్రం బాగానే వచ్చాయి.

మేనేజర్ గదిలో వంటసామాను బస్తాల మధ్య ఆ కంప్యూటర్ ఉంది. కొంగు నడుముకు దోపుకుని కూర్చున్నాను. శ్రీకాంత్ అన్న చెప్పినట్టే కొట్టాను. ఫైలు తెరుచుకుంది. ఇంగ్లీషు అక్షరాల్లో అక్క పేరు, బావ పేరు, వెనకే చుట్టాల రైలు. అంత సులువుగా తెరుచుకునేసరికి నాకు నా మీద గౌరవం పెరిగింది. మామ పేరు కొట్టడం మొదలుపెట్టాను.

వీఐ గుణం ఏమిటంటే, మనం రాయడానికి వచ్చామని ముందుగా దానికి చెప్పాలి. చెప్పకపోతే కొట్టిన ప్రతి అక్షరాన్నీ ఆజ్ఞ అనుకుంటుంది. ఇది నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నేను యాదయ్య అని కొడితే అది రెండుసార్లు కీక్‌మని అరిచి, ముందు సగం మింగేసి, చివరి మూడక్షరాలను తీసుకెళ్లి అక్క పేరు మధ్యలో ఇరికించింది. ఎలాగో దాన్ని చెరిపి, బాణం మీటలతో చివరి దాకా వెళ్లి, మళ్లీ కొట్టాను. ఈసారి పేరు బుద్ధిగా పడింది. యాదయ్య మామ. చక్కగా, పూర్తిగా పడింది. మీరు నమ్మండి, నా ఘనకార్యం అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

ఇక సేవ్ చెయ్యాలి. కంప్యూటర్ ముట్టుకున్న ప్రతి మనిషికీ తెలిసిన కంట్రోల్, ఎస్ నొక్కాను.

తెర బిగుసుకుపోయింది.

ఏ మీట నొక్కినా కదలదు. సేవ్ అని కొట్టాను. ఏమీ కనిపించలేదు. మరో రెండుసార్లు కొట్టాను. ఎగ్జిట్ అన్నాను, క్విట్ అన్నాను. ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు ల్యాబు రికార్డు గుర్తుకొచ్చి కోలన్, డబ్ల్యూ, క్యూ కొట్టాను. మళ్లీ కొట్టాను. మీటలు గట్టిగా నొక్కితే పనిచేస్తుందేమోనని ఈసారి బల్ల అదిరేలా కొట్టాను. తెర మాత్రం మామలాగే ముఖం తిప్పుకుని కూర్చుంది.

తలుపు దగ్గర బాపు. "అయిందా బిడ్డా?"

"అవ్ బాపు, అయినట్టే. ఒక్క నిమిషం."

"బోర్డు మారలే మరి."

"మారుతది. జర టైం తీసుకుంటది, పెద్ద ఫైలు."

ఫైలు నాలుగు వరుసలు. బాపు వెళ్లాడు. నేను వేళ్లు విరుచుకుని మళ్లీ మొదలుపెట్టాను. బతిమాలి చూద్దామని "బయటికి వదులు తల్లీ" అని కూడా కొట్టాను. శ్రీకాంత్ అన్నకు ఫోన్ చేయవచ్చు. కానీ మస్తుగొస్తదని చెప్పిన నోటితో రాలేదని ఎలా చెబుతాను? చావనైనా చస్తాను కానీ అడగను అని భీష్మించుకున్నాను. అక్కడ పెళ్లి ఆగిపోతోంది, ఇక్కడ నేను పరువు కాపాడుకుంటున్నాను.

బాపు మళ్లీ వచ్చాడు. ఈసారి చెమటలు.

"రజితా, పెళ్లి జేసే అయ్యగారు పెళ్లికూతుర్ని తీసుకురమ్మంటుండు. మీ మామను బతిలాడిన. 'ఇంజనీర్ కోడలికి నేను యాదికి లేను గద బావా, ఆమెనే ఎత్తుకొమ్మను గంప' అన్నడు. ఏం జెయ్యమంటవ్?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. కోపం వచ్చింది. కోపం ఎక్కువ భాగం నా మీదే, కానీ అది మామ మీదికి మళ్లింది. మా వయసు వాళ్లకు కోపం నోట్లోంచి రాదు, వేళ్లలోంచి వస్తుంది. తెర ఎలాగూ చచ్చిపోయింది, ఎవరు చూస్తారన్న ధైర్యంతో, బాపు వెళ్లగానే టకటకా కొట్టేశాను. "మామ అలిగితే అలగనీ. గంప నేనే ఎత్తుతా."

కొట్టాక కాస్త తేలికైంది. ఆ తేలికలో బుద్ధి వచ్చి శ్రీకాంత్ అన్నకు ఫోన్ చేశాను.

"అన్న, తెర బిగుసుకుపోయింది."

"కంట్రోల్ ఎస్ నొక్కినవా?"

"...అవ్ అన్న."

"వీఐ వస్తదంటివి?"

"వస్తది. ఇయ్యాల వస్తలేదు."

ఆయన నవ్వలేదు, పుణ్యాత్ముడు. "గది నొక్కితె తెర ఆగుతది గని కంప్యూటర్ ఆగదు చెల్లె. కంట్రోల్ క్యూ నొక్కు, తెర కదులుతది. ఆ ఎనక ఎస్కేప్ నొక్కు. గప్పుడు కోలన్, డబ్ల్యూ, క్యూ, ఎంటర్. గంతే."

కంప్యూటర్ ఆగదు అన్న మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. హాల్లోంచి సన్నాయి మోగుతోంది, "పెళ్లికూతురు ఏదమ్మా" అని అయ్యగారు మైకులో పిలుస్తున్నాడు, బాపు అడుగుల చప్పుడు మళ్లీ వినిపిస్తోంది. కంట్రోల్ క్యూ నొక్కాను. తెర నిండా జల్లు పడ్డట్టు అక్షరాలు పడ్డాయి. ఏమిటవి అని చూసే ఓపిక ఎక్కడిది. ఎస్కేప్, కోలన్, డబ్ల్యూ, క్యూ, ఎంటర్. ఫైలు బుద్ధిగా మూసుకుంది.

"అయింది బాపు," అన్నాను లేచి, రెండు చేతులూ దులుపుకుని. "పోయి మామకు చూపెట్టు."

అప్పుడు గేటు వైపు నుంచి నవ్వులు వినిపించాయి. పది మంది నవ్వితే అదొక రకం. పెళ్లికొడుకు తరఫు బస్సు దిగిన మీర్‌పేట్ జనమంతా ఒక్కసారి నవ్వితే అది వేరే రకం. నేను పట్టుచీర ఎత్తిపట్టుకుని పరుగెత్తాను.

మీర్‌పేట్ పెద్దమనిషి ఒకాయన బోర్డు కింద నిలబడి, పిల్లలకు పాఠం చెప్పినట్టు పైకి చదువుతున్నాడు. "మమత వెడ్స్ నరేష్... సుస్వాగతం... యాదయ్య మామ... సేవ్, సేవ్, సేవ్... ఎగ్జిట్... క్విట్... డబ్ల్యూ క్యూ... డబ్ల్యూ క్యూ... డబ్ల్యూ క్యూ... బయటికి వదులు తల్లీ..."

ఆ తర్వాత ఏం వస్తుందో ఆ లోకంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తెర ఆగినా నేను కొట్టినవన్నీ ఫైల్లో పడ్డాయని అప్పుడు అర్థమైంది. వచ్చింది. ఎర్రగా, మెల్లగా, అందరికీ కనిపించేలా పాకుతూ వచ్చింది. మామ అలిగితే అలగనీ. గంప నేనే ఎత్తుతా.

నవ్వులు ఆగిపోయాయి. అందరూ మామ వైపు తిరిగారు. మామ బండి మీదే కూర్చుని ఉన్నాడు. అలిగినవాడు ఎప్పుడూ అలకకు కారణమైంది తిన్నగా కనిపించే చోటే కూర్చుంటాడు కదా, బోర్డు ఎదురుగానే ఉన్నాడు. మామకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు కానీ కూడబలుక్కోవాలి. పెదవులు కదుపుతూ చదువుతున్నాడు. ఆయన సగం చదివేలోపు అక్షరాలు దాటిపోయాయి. మళ్లీ మొదటి నుంచి వచ్చేదాకా ఓపిగ్గా ఎదురుచూశాడు. మేమంతా కూడా ఎదురుచూశాం. వేరే దారి లేదు. రెండో చుట్టు పూర్తయింది. మామ బండి స్టాండు వేసి దిగాడు.

నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వు ఎత్తుతవా కోడలా గంప?"

నేను ఎత్తిపట్టుకున్న చీరను కిందికి వదిలేశాను.

"మీ అక్క బరువెంతో ఎర్కనా నీకు? రోజు పొద్దుగాల చేపల ఐసు పెట్టెలు ఎత్తి ఎత్తి అలవాటు చేసుకున్న. నడుముకు నూనె రాపిచ్చుకున్న. నువ్వు ఏమెత్తినవ్ ఎన్నడన్న? ఫోను తప్ప?"

"తప్పైంది మామ."

"బోర్డు మీద పేరు ఏం జేసుకుంట బిడ్డా. చేపలోనికి బోర్డు ఎందుకు. గని అందరి పేర్లు యాదికొచ్చినయ్, నాది రాలే. నేను గంత దూరమైనానా మీకు?"

నాకు ఏడుపు ఆగలేదు. "దూరమైతె యాదికొస్తుంటివి మామ. చుట్టాల పేర్లు రాయమన్నరు, చుట్టాలు ఎవరెవరని ఆలోచించిన. బాపు పేరు గూడ నేను రాయలే, శ్రీకాంత్ అన్ననే అడిగి ఏసుకున్నడు. నువ్వు చుట్టానివని నాకెన్నడన్న అనిపిస్తె గద."

ఇది నేను సాకుగా చెప్పలేదు. ఏడుస్తుంటే నోటికొచ్చిన నిజం అది. మామ ఇంకో అడుగు దగ్గరికి వచ్చాడు. రుమాలుతో ముందు తన ముఖం తుడుచుకుని, అదే రుమాలుతో నా ముఖం తుడిచాడు. చేపల వాసన రాలేదు. అత్తరు వాసన వచ్చింది. పెళ్లికని పూసుకున్నాడు.

"సరే, నడు. ముహూర్తం పోతది." రెండడుగులు వేసి ఆగాడు. "గని ఒక్క మాట. గా డబ్ల్యూ క్యూ ఎవడు? నా పేరు ఒక్కసారి ఏసి ఆయనది అన్నిసార్లు ఏసిన్రు."

మీర్‌పేట్ వాళ్లందరూ వింటున్నారు. ఇంజనీర్ పరువులో ఇంకా ఒక చిన్న ముక్క మిగిలి ఉంది, దాన్ని వదల్లేకపోయాను.

"పెద్దమనిషి మామ. చాన దూరం నుంచి రావాలె."

గంప లేచింది. మామ ముందు, మిగతావాళ్లు వెనక. మామ మెడ నరాలు ఉబ్బాయి కానీ ముఖం వెలిగిపోతోంది. గంపలోంచి అక్క నన్ను వెతుక్కుని చూసి నవ్వింది. కాటుక అప్పటికే చెంపల దాకా వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు.

బోర్డు సంగతి అడుగుతారేమో. ఫోన్లో అడిగి మళ్లీ దిద్దుతానని లేచాను. బాపు నా జబ్బ పట్టుకుని కుర్చీలో కూలేశాడు. మామ కూడా అదే మాట. "ముట్టకు. నా పేరు పడ్డది. మల్ల గెలికితె గది గూడ పోతది." అందుకని భోజనాలు అయ్యేదాకా, నా సేవులూ నా క్విట్లూ నా బతిమాలుకోవడాలూ సాగర్ రోడ్డు మీద పోయే ప్రతి బస్సుకూ కనిపిస్తూ తిరుగుతూనే ఉన్నాయి.

అసలు చిక్కు బట్టలు పెట్టేటప్పుడు వచ్చింది. పెద్దమనుషులను పిలిచి శాలువాలు కప్పుతున్నారు. మీర్‌పేట్ పెద్దాయన బాపును అడిగాడు. "డబ్ల్యూ క్యూ సార్ మీ దిక్కేనా?"

"మీ దిక్కనుకున్నం మేము."

"మా దిక్కు కాదు. అయిన మర్యాద తక్కువ చెయ్యొద్దు, అన్నిసార్లు పేరేసినంక."

రెండు వైపులా కూడబలుక్కుని, ఉన్నవాటిలో మంచి శాలువా ఒకటి, తాంబూలం పళ్లెంలో పెట్టి పక్కన ఉంచారు. వచ్చిన ప్రతి కొత్త ముఖాన్నీ బాపు అనుమానంగా చూడటం మొదలుపెట్టాడు. నేను పాయసం గిన్నెలోంచి తల ఎత్తలేదు.

ఆ సమయంలో శ్రీకాంత్ అన్న తుక్కుగూడ నుంచి దిగాడు. గేటు దగ్గర బోర్డు చూసి కడుపు పట్టుకుని కూర్చున్నాడు. మామ వెళ్లి ఆయన పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. శ్రీకాంత్ అన్న గాల్లో మీటలు నొక్కి చూపిస్తున్నాడు, మామ తల ఊపుతున్నాడు. నేను పాయసం గిన్నె ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

మామ లేచి, పళ్లెంలోంచి శాలువా తీసుకుని, నేరుగా భోజనాల బంతిలోకి వచ్చి, అందరి ముందూ నా భుజాల చుట్టూ కప్పాడు.

"డబ్ల్యూ క్యూ సార్ ఎవరో ఎర్కైంది బావా," అన్నాడు బాపుతో. "పాపం, చాన దూరం నుంచే వచ్చిండు. లోపట ఇరుక్కపోయి, బయటికి తొవ్వ దొరకక, ఇప్పటిదాంక ఈ పోరి కడుపుల తిరుగుతున్నడు."

మీర్‌పేట్ వాళ్లు చప్పట్లు కొట్టారు. వీడియోలో ఆ చప్పట్లు చాలాసేపు ఉన్నాయి.

ఇప్పుడు నేను ఉద్యోగంలో ప్రతిరోజూ ఆ నల్ల తెరలోనే ఫైళ్లు దిద్దుతాను. మస్తుగొస్తది. ఈసారి నిజంగానే. మొన్న మామ కొత్తిల్లు కట్టుకుని, గృహప్రవేశానికి ఇంటి ముందు బోర్డు పెట్టిస్తూ నాకే ఫోన్ చేశాడు. "కోడలా, పేర్లు నువ్వే ఏయాలె. నా పేరు మొదలు ఎయ్యకు. డబ్ల్యూ క్యూ సార్‌ది మొదలు ఎయ్యి. ఆయన ఇరుక్కోకపోతె నా పేరు పడకపోతుండె."

వేశాను. ఇక ఇప్పుడు, బీరువాలోంచి ఆ శాలువా తీసి, మడత విప్పి, దాని మీద కుడిచెయ్యి ఉంచి, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బయటికి వచ్చే తొవ్వ తెలుసుకోకుండా ఇక ఏ ఫైల్లోనూ అడుగుపెట్టను. తెర కదలకపోయినా సరే, మామ గురించి ఒక్క ముక్క కొట్టను. ఎవరి పేర్లు రాయమన్నా ముందు మా ఇంట్లోవాళ్లవే రాస్తాను. మాట తప్పితే నన్ను కూడా ఐసు పెట్టెలాగే ఎత్తి చెరువులో వేయమని, ఆ పనికి సరిపడా బలం ఇంకా ఉన్న మా యాదయ్య మామకే చెప్పి ఉంచాను.